గ్రీన్ కార్డు నుంచి అమెరికా పౌరసత్వానికి: రోజుల లెక్క

నమస్కారం. పిల్లల దగ్గర కొన్ని నెలలు, హైదరాబాద్‌లో కొన్ని నెలలు గడుపుతున్న గ్రీన్ కార్డుదారులైన తల్లిదండ్రుల కోసం ఈ వీడియో రూపొందించాము. పౌరసత్వానికి గ్రీన్ కార్డు వచ్చి అయిదేళ్లు కావాలనీ, అమెరికా పౌరులను పెళ్లి చేసుకుని కలిసి ఉంటున్నవారికి మూడేళ్లు చాలుననీ చాలామందికి తెలుసు. కానీ మన కుటుంబాలు చిక్కుల్లో పడేది ఆ అయిదేళ్లూ ఎక్కడ గడిపారన్న ప్రశ్న దగ్గరే.

(తెరపై: అయిదేళ్ల క్యాలెండర్)

చట్టం ఇక్కడ రెండు వేర్వేరు షరతులు పెడుతుంది. మొదటిది, దరఖాస్తుకు ముందరి అయిదేళ్లలో కనీసం 30 నెలలు అమెరికాలో స్వయంగా ఉండి తీరాలి. బయలుదేరిన రోజునూ, తిరిగి చేరిన రోజునూ అక్కడ ఉన్నట్లే లెక్కిస్తారు. రెండవది, నివాసం తెగకుండా కొనసాగాలి. ఒకే ప్రయాణంలో ఆరు నెలలకు మించి, ఏడాదిలోపు బయట ఉంటే నివాసం తెగిందనే అధికారి మొదట భావిస్తారు. అలా కాదని ఇంటి పత్రాలతో, పన్ను రిటర్నులతో, అక్కడే ఉన్న కుటుంబం వివరాలతో నిరూపించవలసింది మనమే. ఏడాది దాటితే ఆ అవకాశం కూడా సాధారణంగా ఉండదు. తిరిగి వెళ్లాక నాలుగేళ్ల మీద ఒక రోజు గడిచాకే దరఖాస్తు చేయగలుగుతారు.

రీఎంట్రీ పర్మిట్ ఉంది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక మాట గట్టిగా చెప్పాలి. అది మళ్లీ దేశంలోకి రావడానికి పనికొస్తుంది గానీ, పౌరసత్వం కోసం చూసే నివాసాన్ని కాపాడదు. అలాగే ప్రతిసారీ ఆరు నెలలు దాటకముందే వెళ్లి, నెల రోజులుండి శంషాబాద్‌లో దిగిపోయేవారికి ఏ ఒక్క ప్రయాణమూ అడ్డు కాకపోయినా, అయిదేళ్లకు 30 నెలలు కూడవు. మోకాలి ఆపరేషన్‌కో, మనవరాలి పెళ్లికో రావడం ఎవరికైనా తప్పదు. అందుకే టికెట్ కొనేముందే పాత పాస్‌పోర్టు ముద్రలు చూసి రోజులు లెక్కవేసుకోవాలని మా విన్నపం.

(తెరపై: ఇంటర్వ్యూ గది)

ఇంటర్వ్యూలో ఇంగ్లీషునూ, దేశ చరిత్ర, ప్రభుత్వాలపై అవగాహననూ పరీక్షిస్తారు. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు చేసినవారికి 128 ప్రశ్నల జాబితా నుంచి 20 వరకు అడుగుతారు, 12 సరిగా చెప్పాలి. అయితే 50 ఏళ్లు నిండి గ్రీన్ కార్డుతో 20 ఏళ్లు, లేదా 55 ఏళ్లు నిండి 15 ఏళ్లు అమెరికాలో ఉన్నవారికి ఇంగ్లీషు పరీక్ష ఉండదు. దుబాసీ సాయంతో తెలుగులోనే జవాబులు చెప్పవచ్చు. ఇంగ్లీషు రాదన్న బెంగతో వెనకాడే పెద్దవారికి ఈ సంగతి తప్పక చెప్పండి.

అమెరికా పౌరసత్వ ప్రమాణం చేసిన రోజే, 1955 నాటి మన పౌరసత్వ చట్టం 9వ సెక్షన్ ప్రకారం భారత పౌరసత్వం పోతుంది. ఆ తరువాత భారత పాస్‌పోర్టు వాడడం నేరం. దానిని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి. హైదరాబాద్‌కు రావడానికి వీసా గానీ, 2006లో ఇదే నగరంలో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లో ప్రారంభమైన ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే జీవితకాల వీసా) గానీ అవసరం. ఓసీఐ ఉన్నవారు ఇక్కడ ఫ్లాటు కొనవచ్చు గానీ వ్యవసాయ భూమి కొనరాదు, ఓటు వేయరాదు. తాతల నాటి పొలం వారసత్వంగా వస్తే మాత్రం ఉంచుకోవచ్చు.