ఖోకా లెక్క

ఎన్‌సీసీ క్యాడెట్లకు నమస్కారం. ఈ ఉదయం రేంజిలో కాల్పులు ముగిశాక మీరంతా వంగి, గడ్డిలో ఒక్కొక్క ఖోకా, అంటే పేలిన తూటా ఖాళీ గొట్టం, ఏరి లెక్క అప్పగించడం చూశాను. "ఖాళీ గొట్టాలకు ఇంత లెక్కెందుకు సార్?" అని ఒక అమ్మాయి అడిగింది. ఇత్తడి పోతపోసి బతికినవాణ్ణి కాబట్టి జవాబు నేను చెబుతాను.

నా చేతిలో ఉన్న ఇది పెద్ద రైఫిల్ తూటా ఖోకా. మూతి దగ్గర మసి. అడుగున, నడిమధ్యలో, తుపాకీ సూది కొట్టిన చిన్న గుంట. ఆ గుంటను గుర్తు పెట్టుకోండి.

ఇందులో నూటికి 70 పాళ్లు రాగి, 30 పాళ్లు జింకు. ఈ పాళ్లలో కలిసిన ఇత్తడి బాగా సాగుతుంది. బిళ్లను అచ్చులో పెట్టి మళ్లీ మళ్లీ నొక్కుతూ, మధ్యమధ్య కాల్చి మెత్తబరుస్తూ గొట్టంగా లాగుతారు. తూటా పేలగానే గొట్టం ఉబ్బి, తుపాకీలో తూటా కూర్చునే గది గోడకు అతుక్కుంటుంది, వాయువును వెనక్కి రానివ్వదు. మరుక్షణమే కాస్త ముడుచుకుని బయటికి వచ్చేస్తుంది.

తుక్కు కొట్టులో కుళాయిలు, తాళాలు, వాల్వులు కలగలిసి ఉంటాయి. వాటిలో సీసం ఎంతో, తగరం ఎంతో చూసి చెప్పలేం. ఖోకా అలా కాదు, దాని పాళ్లు ముందే తెలుసు. అందుకే అంతర్జాతీయ తుక్కు వ్యాపారంలో దీనికి విడిగా పేర్లున్నాయి. ప్రైమర్, అంటే సూది తగలగానే తూటాను రగిలించే అడుగు బిళ్ల, తీసేసిన గొట్టాలు "లేస్", ప్రైమర్ ఉన్నవి "లేడీ". ముందే వేడిచేసి, పేలాల్సింది ఏమైనా మిగిలి ఉంటే పేల్చేసిన చిన్న తూటాల గొట్టాలు "లాంబ్".

ఆ మూడో పేరు ఎందుకు పుట్టిందో ఆలోచించండి. గుట్టలో పేలని తూటా ఒక్కటి లోహం కరిగించే మూసలో పడితే చాలు, కరిగిన లోహం మనిషి ముఖం మీదికి చిమ్ముతుంది. గొట్టంలో నీటి చుక్క నిలిచినా అంతే ప్రమాదం. ఇక జింకు 907 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. ఈ ఇత్తడి పూర్తిగా కరగాలంటే అంతకన్నా ఎక్కువ వేడి కావాలి. తెల్లటి పొగ లేస్తుంది. అది పీల్చిన రాత్రి చలిజ్వరం పట్టుకుంటుంది. నాకూ పట్టింది, దుప్పటి కింద పళ్లు టకటకలాడాయి.

మన దేశంలో సైన్యం కాల్పుల మైదానాల పక్క పల్లెల్లో, తుక్కు ఏరుకోవడానికి వెళ్లి పేలని గుండ్ల వల్ల ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్లను తెలివితక్కువవాళ్లని అనకండి. లోహం ధర తెలిసినవాళ్లు, పూట గడవనివాళ్లు.

ఇప్పుడు ఆ గుంట సంగతి. మీరు కాల్చిన చిన్న .22 రైఫిల్ ఖోకాకు అది మధ్యలో ఉండదు, అంచు మీద ఉంటుంది. వెతికి చూడండి. అయితే గుంట పడినంత మాత్రాన తూటా పేలినట్టు కాదు. మూతిలో గుండు ఇంకా కూర్చుని ఉంటే అది ఖోకా కాదు, తూటాయే. గడ్డిలో అలాంటిది కనిపిస్తే చేయి పెట్టకండి. అక్కడే నిలబడి మీకు శిక్షణ ఇచ్చే ఉస్తాద్‌ను పిలవండి.