పడక కుర్చీ కొనేముందు గుడ్డ చూడండి

నమస్కారమండి. ఇవాళ రివ్యూ పడక కుర్చీ మీద. మడతపెట్టే రకం, టేకు ఫ్రేము, కాన్వాసు గుడ్డ. పోల్చి చూపించడానికి పక్కన ఇంకో రెండు పెట్టాం: పేము అల్లిన పొడుగు చేతుల కుర్చీ ఒకటి, రెక్సిను రిక్లైనరు ఒకటి. వీడియో సగంలో వెళ్ళిపోయేవాళ్ళ కోసం తీర్పు ముందే చెప్పేస్తున్నా. అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరం, మొత్తం మన డెల్టాలో ఎక్కడున్నా సరే, గుడ్డ కుర్చీయే తీసుకోండి. కాకపోతే కొనేటప్పుడు అందరూ కర్రని తట్టి చూస్తారు, గుడ్డని పట్టించుకోరు. నడుముకి సుఖమిచ్చేది గుడ్డేనండీ, కర్ర కాదు.

రిక్లైనరు సంగతి త్వరగా తేల్చేద్దాం. షాపులో ఏసీలో కూర్చుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. మన ఇంట్లో, కిటికీలు తీసి ఉన్న గదిలో, వర్షాకాలం వచ్చేసరికి లోపలి ఫోము చెమ్మ పీల్చుకుంటుంది, ఆరడానికి దారి ఉండదు, బూజు వాసన పడుతుంది. మనం రెక్సిను అనేసేవాటిలో కొన్ని పీయూ, అంటే పాలీయూరిథేన్ అనే ప్లాస్టిక్ పూత ఉన్న గుడ్డలు. వేడీ చెమ్మా కలిస్తే ఆ పూత రసాయనికంగానే విడిపోయి పొలుసులు పొలుసులుగా ఊడిపోతుంది. వాడకుండా దుప్పటి కప్పి దాచుకున్నా ఊడుతుంది. పీవీసీ రకమైతే అలా ఊడదు గానీ, వీపుకి చెమట పట్టి అతుక్కుంటుంది. కరెంటు పోయిన మధ్యాహ్నం దాని మీద కూర్చోవడం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు అసలు కుర్చీ. కెమెరా కొంచెం దగ్గరకి రండి. రెండు ఫ్రేములు కత్తెర వేసినట్టు ఒకదాన్ని ఒకటి దాటుతున్నాయి. వెనక దన్నుగా మూడో చిన్న ఫ్రేము. ఇదిగో, ఈ గాట్లలో కూర్చుంటుంది. నాలుగు గాట్లు ఉన్నాయి. పైన ఒక కర్ర, ముందు కింద ఒక కర్ర, ఆ రెంటికీ గుడ్డ వేలాడుతుంది. ఇంతే కుర్చీ.

ఇక్కడ కొలత ఒక్కటే కీలకం. దన్నుని మధ్యనున్న రెండు గాట్లలో ఒకదాంట్లో పెట్టి, పై కర్ర నుంచి ముందు కర్రకి దారం బిగించి పట్టుకోండి. దీనికి 42 అంగుళాలు వచ్చింది. అలాంటప్పుడు గుడ్డ కర్ర నుంచి కర్రకి 47, 48 అంగుళాలు ఉండాలి. అంటే దారం కన్నా ఐదారు అంగుళాలు ఎక్కువ. ఆ ఎక్కువ పొడుగే మధ్యలో తొమ్మిది పది అంగుళాల లోతు ఇస్తుంది, నడుం అందులో కుదురుకుంటుంది. 44 పెట్టారనుకోండి, లోతు చాలదు, కూర్చున్న మనిషి మెల్లగా ముందుకి జారిపోతూ ఉంటాడు. పది నిమిషాలకోసారి వెనక్కి జరగాల్సి వస్తే కారణం ఇదే. 52 పెడితే తుంటి కిందకి దిగిపోయి మోకాళ్ళు పైకి లేస్తాయి, లేవాలంటే ఇంకొకరు చెయ్యి ఇవ్వాలి. పైగా కింద ఉన్న అడ్డకర్ర వెన్నుపూస చివర ఎముకకి తగులుతుంది. షాపులో ఇది తెలియదు. కొత్త గుడ్డ బిగువుగా ఉంటుంది కదా, వాడేకొద్దీ సాగుతుంది. అందుకని కూర్చున్నాక కింద చెయ్యి పెట్టి చూడండి: గుడ్డకీ అడ్డకర్రకీ మధ్య కనీసం మూడంగుళాలు ఎడం ఉండాలి.

గుడ్డ మార్పించుకునేవాళ్ళకి లెక్క చెప్తాను, రాసుకోండి. చదరపు గజానికి 12 ఔన్సులుండే కాటన్ కాన్వాసు అడగండి, గ్రాముల్లో చదరపు మీటరుకి దాదాపు 400. రెండు చివర్లా కర్ర దూరడానికి గొట్టంలా కుట్టాలి. అంగుళం మందం కర్రకి చుట్టుకొలతే మూడంగుళాల పైన అవుతుంది, మడతతో కలిపి ఒక్కో చివరకి నాలుగున్నర వేసుకోండి. 48కి తొమ్మిది కలిపితే 57. కాటన్ మొదటి తడుపులో ముడుచుకుంటుంది, నూటికి ఐదు వరకూ పోవచ్చు. కాబట్టి ఒకటిన్నర మీటరు తెస్తే చాలదు. మీటరూ ముప్పావు తెచ్చుకోండి. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఆ తర్వాతే కొలిచి కత్తిరించాలి. ముందే కుట్టించి తర్వాత ఉతికితే 48 కాస్తా 46 అయిపోతుంది. అప్పుడు మళ్ళీ జారుడే.

పడుగు దారాలు, అంటే నేతలో నిలువు దారాలు, కుర్చీ పొడుగునా రావాలి. గుడ్డ నేత అంచులు కుర్చీ పక్కల వైపు ఉంటే సరైన కత్తిరింపు అన్నమాట. ముక్క కలిసొస్తుందని అడ్డంగా కత్తిరిస్తే బరువంతా పేక మీద, అంటే అడ్డదారాల మీద పడుతుంది, సాగి సంచిలా వేలాడుతుంది. వెడల్పు ఫ్రేము లోపలి కొలత కన్నా రెండువైపులా అర అంగుళం పైన తక్కువ ఉండాలి, లేకపోతే అంచు చెక్కకి రాసుకుని అక్కడే చిరుగుతుంది.

కుట్టు దగ్గర మాత్రం రాజీ పడకండి. ఈ పాత గుడ్డ చూడండి. మధ్యలో ఎక్కడా చిరగలేదు. పై కర్ర కింద, కుట్టు వెంబడే వరసగా తెగింది. గుడ్డ బాగానే ఉంది, నూలు దారం చెమ్మకి కుళ్ళిపోయింది. పాలిస్టరు దారంతో, పావు అంగుళం ఎడంలో మూడు వరసలు, చివర్లలో వెనక్కీ ముందుకీ గట్టి కుట్టు వేయించండి. జాకెట్లు కుట్టే మిషను ఈ మందం లాగలేదు, సూది విరుగుతుంది. షామియానాలు, బ్యాగులు కుట్టేవాళ్ళ దగ్గరకి తీసుకెళ్ళండి, అరగంట పని.

ఇంకొక మాట. రెండు మూడు నెలలకోసారి గుడ్డ పైచివర కిందకి, కిందిచివర పైకి తిప్పి తగిలించండి. తుంటి బరువు పడే చోటు మారుతుంది, గుడ్డ ఎక్కువకాలం వస్తుంది. పైసా ఖర్చు లేదు, ఎవరూ చెయ్యరు.

ఫ్రేముకొద్దాం. టేకు అంటే అంతా టేకే, కానీ చేవ వేరు, పైనుండే తెల్ల భాగం వేరు. చెదనీ పురుగునీ ఆపేది చేవే. తెల్ల భాగానికి ముదురు పాలిషు కొట్టేస్తే పైకి రెండూ ఒకేలా కనపడతాయి. కర్ర దూర్చే బెజ్జంలోకి టార్చి వేసి చూడండి, అక్కడ పాలిషు పడదు. గోధుమ రంగుంటే చేవ, పాలిపోయి ఉంటే తెల్లది. కుర్చీ కింద నేల మీద మెత్తటి పొడి కనపడితే పురుగు లోపల పని చేస్తున్నట్టే. వేప, నిద్రగన్నేరు కుర్చీలు కూడా మనవైపు దొరుకుతాయి, బాగా ఆరిన కర్రయితే చెడ్డవేం కాదు. పచ్చి కర్ర మాత్రం రోహిణి కార్తెలో తన సంగతి బయటపెడుతుంది: జాయింట్లు వదులై కూర్చున్నప్పుడల్లా కిర్రుమంటుంది.

గాట్లు అర అంగుళం లోతు తగ్గకూడదు, వెనక్కి వాలి ఉండాలి. తిన్నగా, పైపైన కోసిన గాటులోంచి దన్ను జారితే మనిషి పడటం ఒక ఎత్తు, మధ్యలో వేళ్ళు నలగడం ఇంకో ఎత్తు. పిల్లలున్న ఇళ్ళలో ముందుగా ఇదే చూడండి. తిరిగే చోట 8 ఎంఎం బోల్టు, రెండువైపులా వాషరు, లోపల నైలాను రింగున్న నట్టు ఉండాలి. మామూలు నట్టయితే కుర్చీ తెరిచి మూసినప్పుడల్లా వదులవుతుంది, దాన్ని బిగించీ బిగించీ చెక్క చీలిపోతుంది. అంతర్వేది, ఓడలరేవు లాంటి సముద్రం ఒడ్డు ఊళ్ళయితే ఇనప స్క్రూలు వద్దు. ఇత్తడి గానీ స్టెయిన్‌లెస్ గానీ వేయించండి.

పేము కుర్చీ నిజం చెప్పాలంటే అందంలో దీన్ని మించింది లేదు. పొడుగు చేతుల మీద కాళ్ళు చాపుకోవచ్చు, గాలి కింద నుంచి తగులుతుంది. మధ్యలో వదులైతే కంగారుపడి అల్లకం మార్పించెయ్యకండి. కుర్చీ బోర్లించి, అడుగువైపు నుంచి వేడినీళ్ళలో ముంచిన గుడ్డ పరిచి, పేము బాగా తడిసేదాకా ఉంచండి. పైవైపు నున్నగా ఉంటుంది, నీళ్ళు పీల్చదు, అందుకే అడుగు నుంచి. నీడలో ఆరిపోయేసరికి చాలావరకు బిగుసుకుంటుంది. ఆరేదాకా ఎవరూ కూర్చోకూడదు. పోగులు తెగి ఉంటే మాత్రం ఇది పనిచెయ్యదు, అల్లేవాళ్ళని పిలవాల్సిందే. వాళ్ళు దొరకడమే ఇప్పుడు కష్టం, ఈ కుర్చీకి నేను రెండో స్థానం ఇవ్వడానికి కారణం అదే.

గుడ్డ కుర్చీ అందరికీ పడుతుందా అంటే, పడదండి. వీపు గుండ్రంగా వంగుతుంది కాబట్టి డిస్కు నొప్పి ఉన్నవాళ్ళు గంటలు గంటలు కూర్చోకూడదు. కాసేపటికైతే చిన్న తువ్వాలు చుట్టి నడుం వంపులో పెట్టుకోవచ్చు. పెద్దవాళ్ళకి ముందు కర్ర నేల నుంచి 17, 18 అంగుళాలు ఎత్తుండేలా చేయించండి, మామూలుగా వచ్చే 15, 16 వాళ్ళకి పల్లం అవుతుంది. ముందు కర్ర గుండ్రంగా లేకపోతే తొడల కింద నొక్కి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి. మెడకి బూరుగు దూది దిండు, పన్నెండు అంగుళాలకి ఆరు, రెండు నాడాలతో పై కర్రకి కట్టుకోండి. దాని మీద నరసాపురం లేసు ముక్క వేస్తే తలనూనె మరక గుడ్డకి అంటదు, లేసు తీసి ఉతుక్కోవచ్చు. అందానికి అందం, ఆయ్.

ముసురు పట్టినప్పుడు గుడ్డ మీద నల్లచుక్కలు వస్తాయి. తడిపెయ్యకండి. ముందు ఎండలో పెట్టి, పొడిగా ఉండగానే బ్రష్షుతో బయట దులపండి, తర్వాత సబ్బుతో ఉతకండి. బ్లీచింగు పోస్తే చుక్కతో పాటు నూలు బలం కూడా పోతుంది. ఫ్రేముకి అవిసె నూనె పట్టించేవాళ్ళు పలచగా పూసి, మిగిలింది తుడిచెయ్యండి. ఆ తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడెయ్యకండి. ఆ నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, కుప్పగా ఉంటే దానంతటదే అంటుకుంటుంది. విడివిడిగా పరిచి ఆరనిచ్చి పారెయ్యాలి.

లంక గ్రామాల్లో ఉండేవాళ్ళకి చివరగా ఒకటి. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరిక ఎగరేశారని వినగానే గుడ్డ, కర్రలు తీసి ఒక మూట, ఫ్రేము మడిచి ఒక కట్ట, రెండూ అటక మీదకి. ఒక్క మనిషి ఎక్కించెయ్యగలడు, రిక్లైనరుతో ఆ పని కుదరదు. ఒకవేళ ఫ్రేము నీళ్ళలో ఉండిపోయినా భయం లేదు. ఒండ్రు ఆరిపోకముందే మంచినీళ్ళతో కడిగి, గాట్లలో, బోల్టు బెజ్జాల్లో పుల్లతో శుభ్రం చేసి, నీడలో గాలి తగిలేచోట నిలబెట్టండి. తొందరపడి ఎండలో పెడితే పైచెక్క ముందు ఆరి నిలువునా పగుళ్ళిస్తుంది. పూర్తిగా ఆరేదాకా బోల్టులు బిగించొద్దు.