సెన్సార్ పెద్దదైతే ఫొటో బాగొస్తుందా? ఒకే పత్తి చేను మీద రెండు డ్రోన్లు

ముందు ఈ రెండు ఫొటోలు చూడండి. ఫోన్‌లో చూస్తుంటే తేడా ఏమీ కనపడట్లేదు కదా? నాకూ కనపడలేదు. ఇప్పుడు జూమ్ చేస్తున్నా. ఆ రేకుల షెడ్డు నీడలో ఓ ట్రాక్టర్ ఉంది, చూశారా? ఎడమ ఫొటోలో టైరు మీది గాట్లు లెక్కపెట్టొచ్చు. కుడి ఫొటోలో అదే టైరు మీద ఎర్రవీ పచ్చవీ చుక్కలు, రవ్వ చల్లినట్టు.

ఇది టెక్సస్‌లో లబ్బక్ దగ్గర పత్తి చేను. మా నాన్నకి పంపిస్తే "గుంటూరులో ఎక్కడ్రా ఇది?" అన్నారు!

ఎడమది డీజేఐ కంపెనీ డ్రోన్ ఎయిర్ 2ఎస్‌తో తీసింది, 1 ఇంచ్ సెన్సార్ (అంటే కెమెరా లోపల వెలుతురు పట్టే చిప్పు). కుడిది వాళ్లదే మినీ 4 ప్రోతో, సెన్సార్ అంతకంటే చిన్నది, 1/1.3 ఇంచ్. అన్నట్టు, 1 ఇంచ్ అన్నారని స్కేలు పెట్టి కొలవకండి. అసలు సైజు 13.2 బై 8.8 మిల్లీమీటర్లే. పాత టీవీ కెమెరాల గాజు ట్యూబుల లెక్క అలా పేరులో ఉండిపోయింది.

మరి ఆ చుక్కలెందుకు? పైనుంచి దూరం కనపడేలా తీస్తే ఫ్రేములో సగం ఆకాశమే ఉంటుంది. మబ్బులు తెల్లగా కొట్టేయకూడదని ఎక్స్‌పోజర్, అంటే కెమెరా తీసుకునే వెలుతురు, నేనే తగ్గించా. దాంతో నేల చీకటైపోయింది, ఎడిటింగ్‌లో ఆ నీడల్ని పైకి లాగాల్సొచ్చింది. పెద్ద సెన్సార్ అంటే పెద్ద తొట్టి అనుకోండి. పొర్లిపోయేలోపు ఎక్కువ వెలుతురు పట్టుకుంటుంది, నీడల్ని ఎంత లాగినా నాయిస్, అంటే ఆ చుక్కలు, తక్కువ. రెండూ ఒకే ఐఎస్ఓ (వెలుతురుని ఎంత పెంచి చూపాలో చెప్పే సెట్టింగు) 100లో తీసిన రా ఫైళ్లే, అంటే కెమెరా తన మెరుగులేవీ దిద్దనివి.

అసలు మెలిక ఇప్పుడు చూడండి. పొద్దుగూకాక అదే చేను, ఈసారి వీడియో. చిన్న సెన్సారే గెలిచింది! కారణం లెన్సు. మినీది ఎఫ్/1.7, ఎయిర్‌ది ఎఫ్/2.8 (ఈ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత వెడల్పుగా తెరుచుకున్నట్టు), రెండింట్లోనూ మార్చడానికి లేదు. వెలుతురు దూరే కంత మినీలో దాదాపు 4 మిల్లీమీటర్లు, ఎయిర్‌లో 3. వీడియో కోసం షట్టర్‌ని, అంటే ఒక్కో ఫ్రేముకి వెలుతురు పడే టైముని, 1/60 సెకను దగ్గర కట్టేశాక, తొట్టి ఎంత పెద్దదైతే ఏం లాభం, పంపు సన్నగా ఉంటే?

మినీలో 48 మెగాపిక్సెళ్ల ఫొటో కూడా తీయొచ్చుగా అని అడుగుతారని తెలుసు. కానీ అందులో నాలుగేసి పిక్సెళ్లకి ఒకటే రంగు ఫిల్టరు, 48 అన్నా వివరం నాలుగింతలు రాదు, కాబట్టి నేనైతే 12 మెగాపిక్సెళ్లలోనే తీస్తా. ఇక దూరంగా పొలాలు పాలిపోయినట్టున్నాయే, అది దుమ్ము. దానికి ఏ సెన్సారూ మందు కాదు, కాస్త కిందకి దిగి తీయడమే.

తొట్టీ పంపూ రెండూ పెద్దవి కావాలంటే మావిక్ 3 ఉంది, 4/3 సెన్సార్, కానీ 895 గ్రాములు. మినీ 249 గ్రాములే. ఇక్కడ అమెరికాలో సరదాకి ఎగరేస్తే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. అందుకే రోజూ నా బ్యాగులో ఉండేది మినీనే.

ట్రాక్టర్ ఆయన గోడకి పెట్టుకోవడానికి పెద్ద ప్రింటు అడిగారు. ఆయనకి మాత్రం ఎడమదే పంపిస్తున్నా.