టోపీ, ట్యాంకర్, పక్కింటాయన: రిచర్డ్ మాథెసన్ భయాలు

నమస్తే అండీ. ముందు ఓ లారీ సంగతి చెప్తాను.

1963 నవంబర్ 22, కెన్నెడీని కాల్చి చంపిన రోజు. కాలిఫోర్నియాలో రిచర్డ్ మాథెసన్ అనే రచయిత, తోటి రచయిత జెర్రీ సోల్‌తో గోల్ఫ్ ఆడుతుండగా ఆ వార్త తెలిసింది. ఇంకేం ఆడతారు? కారెక్కి ఇంటిదారి పట్టారు. ఇరుకు రోడ్డు. వెనక నుంచి ఓ పెద్ద లారీ మీదికొచ్చేసినంత పని చేసింది. చివరికి కారు రోడ్డు పక్కకి దింపేసి బతికి బయటపడ్డారు. మాథెసన్ ఆ ఆలోచనని ఓ కవరు వెనక రాసిపెట్టుకున్నారు.

ఆ కవరు మీది ముక్కే 1971లో 'డ్యూయల్' కథ అయింది, అదే ఏడాది టీవీ సినిమా కూడా. స్క్రిప్టు ఆయనదే. డైరెక్టర్ అప్పటికి పాతికేళ్లు నిండని కుర్రాడు, పేరు స్టీవెన్ స్పీల్‌బర్గ్. హైవే మీద ఓ కారుని వెంటపడి తరిమే ట్యాంకర్ లారీ కథ అది. సినిమా మొత్తంలో ఆ ట్యాంకర్ డ్రైవర్ ముఖం కనబడదు. ఓ చెయ్యి, ఓ జత బూట్లు, అంతే. ఎందుకు తరుముతున్నాడో చెప్పరు. రాత్రిపూట హైవే మీద కారు నడిపినవాళ్లకి ఆ టెన్షన్ నేను వివరించక్కర్లేదు.

మాథెసన్ పుట్టింది 1926లో, న్యూజెర్సీలో. అమ్మానాన్నలు నార్వే నుంచి వలస వచ్చినవాళ్లు. పెరిగింది బ్రూక్లిన్‌లో. రెండో ప్రపంచ యుద్ధంలో సైనికుడిగా పనిచేశారు. 1950లో అచ్చయిన మొదటి కథతోనే పేరొచ్చింది. నేలమాళిగలో గొలుసుతో కట్టేసిన ఓ వికృతమైన బిడ్డ, వచ్చీరాని భాషలో రాసుకున్న డైరీ అది. చిన్న కథే, కానీ చదివాక అన్నం సహించదు.

ఈయన దగ్గర నాకు నచ్చేది ఏంటంటే, భయం కోసం పాడుబడ్డ కోటల దాకా పోరు. టోపీ చాలు. ఓసారి సినిమా చూస్తున్నారట. అందులో ఒకాయన పొరపాటున ఇంకొకరి టోపీ పెట్టుకుంటాడు, అది చెవుల దాకా దిగిపోతుంది. హాల్లో అందరూ నవ్వే సీను. మాథెసన్‌కి మాత్రం ఒకటే ఆలోచన: అది తన సొంత టోపీయే అయ్యుంటే?

అలా పుట్టింది 'ద ష్రింకింగ్ మ్యాన్', 1956. రోజుకి అంగుళంలో ఏడో వంతు కుదించుకుపోయే మనిషి కథ. అద్దె ఇంటి నేలమాళిగలో కూర్చుని, చుట్టూ కనబడే సామాన్లనే అందులోకి ఎక్కించారు. అందరికీ సాలీడుతో పోరాటం గుర్తుంటుంది. నాకైతే అంతకన్నా ఇంటి సీన్లే భయం. కూతురు తనకన్నా పొడవైపోయాక నాన్న మాట ఎవరు వింటారు చెప్పండి?

ఇక అసలు పుస్తకానికి వద్దాం. 'ఐ యామ్ లెజెండ్', 1954. విల్ స్మిత్ సినిమా చూశాం, తెలుసులే అనుకుంటున్నారా? ఆగండి. సినిమాలో హీరో మిలిటరీ సైంటిస్టు, ఊరు న్యూయార్క్. పుస్తకంలో హీరో నెవిల్, లాస్ ఏంజెలెస్‌లో ఓ ఫ్యాక్టరీలో పనిచేసిన మామూలు మనిషి. ఊరంతా రక్తపిశాచాలైపోయింది. పగలు పిశాచాల్ని దూరంగా ఉంచే వెల్లుల్లి దండలు గుచ్చుకోవడం, వాటిని పొడిచి చంపే కర్రలు చెక్కుకోవడం. రాత్రి తలుపులు బిగించుకుని రికార్డు పెట్టుకోవడం, బయటి కేకలు వినబడకుండా. ఆ కేకలేసేది ఎవరో తెలుసా? ఒకప్పుడు తనతో ఒకే కారులో పనికొచ్చిన పక్కింటాయన, బెన్ కోర్ట్‌మన్. రోజూ రాత్రి పేరు పెట్టి మరీ "బయటికి రా" అని పిలుస్తుంటాడు. పగలు ఆయన ఎక్కడ దాక్కున్నాడో వెతకడం నెవిల్‌కి ఓ కాలక్షేపంలా తయారవుతుంది. ఒంటరితనం అంటే ఇదీ!

ఇంకోటి, ఇందులో మంత్రాల్లేవు. నెవిల్ లైబ్రరీకి వెళ్లి పుస్తకాలు తెచ్చుకుంటాడు, మైక్రోస్కోపు సంపాదిస్తాడు, ఈ పిశాచితనానికి బ్యాక్టీరియా కారణమని కనిపెడతాడు. ఇక్కడ హారర్‌కి సైన్స్ ముడి పడింది. దర్శకుడు జార్జ్ రొమెరో 1968లో తీసిన 'నైట్ ఆఫ్ ద లివింగ్ డెడ్'కి ప్రేరణ ఈ పుస్తకమేనని ఆయనే ఒప్పుకున్నారు. అంటే ఇవాళ్టి జాంబీ సినిమాలన్నిటికీ ఈయన తాతగారన్నమాట.

ముగింపు తెలుసుకోవడం ఇష్టం లేనివాళ్లు ఓ అర నిమిషం మ్యూట్ చేసుకోండి. ఆ జబ్బుతోనే బతకడం నేర్చుకున్న కొత్త మనుషులు ఓ సమాజం కట్టుకుంటారు. పగటిపూట నిద్రపోయేవాళ్లని చంపుతూ తిరిగే నెవిల్ వాళ్ల దృష్టిలో ఓ రాక్షసుడు. వాళ్లు పిల్లలకి చెప్పుకునే బూచి ఇక ఈయనే. టైటిల్‌కి అర్థం అదీ. 2007 సినిమా థియేటర్లలో హీరోని త్యాగమూర్తిని చేసి ముగించింది. నాకైతే అది పెద్ద నష్టం.

మాథెసన్ 2013లో, 87 ఏళ్ల వయసులో పోయారు. రచయితగా తన మీద అందరికన్నా ఎక్కువ ప్రభావం చూపింది ఆయనేనని హారర్ నవలల రచయిత స్టీఫెన్ కింగ్ అంతటివాడు చెప్పుకున్నాడు.

పుస్తకం దొరికితే చదవండి. మధ్యలో ఓ కుక్క వస్తుంది. బెదిరిపోయిన వీధికుక్క. రోజుల తరబడి పాలు పెట్టి, మాంసం పెట్టి, బతిమాలి దాన్ని మచ్చిక చేసుకుంటాడు నెవిల్. పేజీలకి పేజీలు నడుస్తుంది. చివర్లో ఒకే ఒక్క పొట్టి వాక్యం: వారం తిరిగేసరికి అది చచ్చిపోయిందని. ఆ అధ్యాయం మాత్రం పడుకునే ముందు మొదలుపెట్టకండి. నేను పెట్టాను.