యుద్ధం పెరిగితే పాలమూరుకేం?

(మహబూబ్‌నగర్ సభలో చేసిన ప్రసంగ పాఠం)

మిత్రులారా, అమ్మలారా, తమ్ముళ్లారా,

ఎక్కడో గాజాలో, ఉక్రెయిన్‌లో యుద్ధం జరిగితే పాలమూరుకేం అని అడిగేవాళ్లున్నారు. వియత్నాం సంగతి చెప్పి ఆ ప్రశ్నకు వస్తాను.

1965 మార్చిలో అమెరికా వియత్నాంలోని దనాంగ్ నగరంలో 3,500 మంది మెరైన్ సైనికులను దించింది. వైమానిక స్థావరానికి కాపలా కోసమే అన్నారు. 1969 నాటికి అక్కడి సైనికులు 5.4 లక్షలు దాటారు. 1970 ఏప్రిల్ 30న అమెరికా అధ్యక్షుడు నిక్సన్ టీవీలో కనిపించి, పక్కనున్న కంబోడియాలోకి కూడా సైన్యాన్ని పంపుతున్నామన్నాడు. దానిపై విద్యార్థులు నిరసనకు దిగారు. మే 4న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, కెంట్ స్టేట్ యూనివర్సిటీలో, నేషనల్ గార్డ్ అనే సైనిక దళం వాళ్ల మీద 13 సెకన్లలో 67 తూటాలు పేల్చింది. నలుగురు విద్యార్థులు చనిపోయారు. వాళ్లలో ఇద్దరు నిరసనలో కూడా లేరు, క్లాసుకు పోతున్న పిల్లలు! వందల కాలేజీలు మూతపడ్డాయి. జూన్ నెలాఖరుకు అమెరికా సైన్యం కంబోడియా వదిలింది. బాంబులు మాత్రం 1973 దాకా పడుతూనే ఉన్నాయి.

ఆ నిరసనకు అంత బలం డ్రాఫ్ట్ వల్ల, అంటే యువకుల్ని సైన్యంలోకి తప్పనిసరిగా పిలిచే పద్ధతి వల్ల వచ్చిందని నా నమ్మకం. పిలుపు వస్తే కొడుకు యుద్ధానికి పోవాల్సిందే. ఇంటింటా అదే టెన్షన్. 1973లో డ్రాఫ్ట్ ఆపేశారు, ఇంటింటా ఉన్న ఆ టెన్షన్ పోయింది. 2003 ఫిబ్రవరి 15న ఇరాక్ మీద యుద్ధం వద్దంటూ లండన్‌లో, రోమ్‌లో లక్షల మంది రోడ్లెక్కారు. అయినా ఐదు వారాలు తిరగకుండానే ఇరాక్ మీద బాంబులు పడ్డాయి.

ఇప్పుడు చూడండి. గాజా యుద్ధం 2024లో లెబనాన్‌కు, 2025 జూన్‌లో ఇరాన్‌కు పాకింది. 2023 అక్టోబర్ తర్వాత ఇజ్రాయెల్ పాలస్తీనా కూలీల పర్మిట్లు ఆపేసి, మన దేశం నుంచి మనుషుల్ని తీసుకుంది. 2024లో హైదరాబాద్‌లోనే ఎంపికలు జరిగాయి. సెంట్రింగ్, రాడ్ బెండింగ్, టైల్స్, ప్లాస్టరింగ్. ఈ పనులు ఎవరి చేతుల్లో ఉన్నాయో పాలమూరులో చెప్పాలా? రష్యాలో హెల్పర్ ఉద్యోగమని నమ్మి వెళ్లి, సైన్యంలో ఇరుక్కున్న వాళ్లలో మన నారాయణపేట బిడ్డ కూడా ఉన్నాడు. అతను ప్రాణాలతో తిరిగొచ్చాడు. అలాగే వెళ్లిన హైదరాబాద్ యువకుడు అక్కడే చనిపోయాడు.

అప్పులు తీర్చడానికి, పిల్లల ఫీజులు కట్టడానికి వెళ్లే మేస్త్రీని నేను తప్పు పట్టను. అడగాల్సింది ప్రభుత్వాన్ని. బాంబులు పడుతున్న దేశానికి కూలీల ఎంపికలు ఎందుకు ఆపలేదు? సైరన్ మోగితే మన మనిషికి షెల్టర్ చూపించే పూచీ ఎవరిది? ఈ రెండు ప్రశ్నలు రాసి, ప్రతి ఊరి నుంచి సంతకాలు పెట్టించి, కలెక్టరేట్‌లో ఇద్దాం. ఎంపీ మన ఊరికి వస్తే ఆయన చేతిలోనూ పెడదాం. ఏజెంట్ ఎవరైనా పాస్‌పోర్టులు పోగు చేస్తున్నాడని తెలిస్తే, పిల్లలు విమానం ఎక్కకముందే మాకు చెప్పండి.