గండికోట చుట్టూ సైకిల్: రాయి, రేగడి, ఇసుక

[తెర మీద: తెల్లవారుజాము, జమ్మలమడుగు ఊరి చివర, సైకిల్ లైటు వెలుగులో రోడ్డు]

టైం ఐదుంపావు. జమ్మలమడుగు నుంచి గండికోటకు 15 కిలోమీటర్లు, అంతా తారు రోడ్డే. కానీ ఈ వీడియో ఆ రోడ్డు గురించి కాదు. దానికి అటూ ఇటూ గొర్రెలు, ఎద్దులబండ్లు, ట్రాక్టర్లు తిరిగి తిరిగి పడిన దారులున్నాయి. మౌంటెన్ బైక్ కొన్నవాళ్లు మన కడప జిల్లాలో తొక్కాల్సింది వాటి మీదే. అయితే ఎంత దూరం అని చూసి దారి ఎంచుకుంటే ఇక్కడ దెబ్బతింటారు, ఎందుకంటే ఇరవై కిలోమీటర్లు తిరిగేలోపు రాయి, రేగడి, ఇసుక మూడూ వస్తాయి, ఒకదాని మీద పనికొచ్చిన పద్ధతి ఇంకోదాని మీద అస్సలు పనికిరాదు. అందుకే నేను దూరం కంటే ముందు నేల చూస్తాను.

[తెర మీద: కొండల వరస, మధ్యలో నది కోసిన సందు]

ముందు ఈ కొండల తీరు తెలుసుకుందాం. కొండల వరసను నది కోసుకుని బయటపడిన సందును మనవాళ్లు గండి అంటారు. ఎర్రమల కొండల్ని పెన్న కోసిన చోటు గండికోట. వేంపల్లె దగ్గర పాలకొండల్ని పాపాఘ్ని కోసిన చోటు ఉత్త గండి, ఆంజనేయస్వామి గుడి ఉంటుంది చూడండి, అదే. కొండ ఎక్కకుండా అవతలికి పోవాలంటే గండిలోంచే పోవాలి, అందుకే పాపాఘ్ని గండిలో రోడ్డు ఏటి పక్కనే ఉంటుంది, కొత్తగా తొక్కేవాళ్లకు అది హాయిగా ఉంటుంది. గండికోటలో అలా కుదరదు. అక్కడ నది రెండు పక్కలా నిలువు గోడలు, దాదాపు 300 అడుగులు. మనం తొక్కేదంతా పైనే.

ఆ పైనంతా రాయి. కడప రాతి పొరలు వంద కోట్ల ఏళ్లకు పైబడినవి, గండికోట దగ్గర బయటపడింది ఇసుకరాయి గట్టిపడి తయారైన క్వార్ట్‌జైట్, ఇటుకలు పేర్చినట్టు పలకలు పలకలుగా పగిలి ఉంటుంది. పలక మీద గ్రిప్ చాలా బాగుంటుంది, భయపడాల్సింది పలకకూ పలకకూ మధ్య ఉండే సందు గురించి. సందుకు సమాంతరంగా పోతే ముందు చక్రం అందులో ఇరుక్కుంటుంది, మీరు హ్యాండిల్ మీదుగా ముందుకు పడతారు. అడ్డంగా దాటండి. దిగేటప్పుడు నడుము వెనక్కి, రెండు పెడల్స్ ఒకే ఎత్తులో, బ్రేకు మీద ఒక్కో వేలు చాలు. పలకల అంచులు కత్తుల్లా ఉంటాయి, టైరు పక్క గోడ చీలిందంటే ప్యాచ్‌తో పని జరగదు. అందుకని నా బ్యాగులో పాత టైరు ముక్క ఒకటి ఎప్పుడూ ఉంటుంది, లోపలి నుంచి అడ్డం పెడితే ఇంటికి చేరేదాకా నిలుస్తుంది.

కోట దగ్గరికి వచ్చాక మాత్రం సైకిల్ దిగండి. రంగనాథస్వామి గుడి, జుమ్మా మసీదు, ధాన్యాగారం అన్నీ రక్షిత కట్టడాలు, ఆ రాళ్ల మీద చక్రం ఎక్కించడం నాకు మనసొప్పదు. లోయ అంచుకు ఇరవై అడుగుల ముందే సైకిల్ పడుకోబెట్టి నడిచి వెళ్లండి. చాలాచోట్ల కంచె లేదు.

[తెర మీద: అరచేతిలో పల్లేరు కాయ, బాగా దగ్గరగా]

ఇది చూడండి, పల్లేరు కాయ. శనగ గింజంత ఉంటుంది. ఎటు తిప్పి పడేసినా ఒక ముల్లు పైకే ఉంటుంది. శనక్కాయ పీకేసిన చేల గట్ల మీద ఎండిపోయి పడి ఉంటాయి, రంగు మట్టి రంగే, సైకిల్ మీదున్నప్పుడు కనిపించవు. దీనికి తోడు దారి పొడుగునా కంపచెట్ల ముళ్లు. ట్యూబ్ టైర్లతో వచ్చేవాళ్లు రెండు ట్యూబులు, ప్యాచ్‌లు, సొల్యూషన్, పంపు లేకుండా జమ్మలమడుగు దాటొద్దు. పంక్చర్ అయితే ట్యూబ్ మార్చి ఊరుకోకండి, టైరు లోపల వేలితో నెమ్మదిగా తడమండి, ముల్లు మొన ఒక్కటి మిగిలినా కొత్త ట్యూబ్ ఐదు నిమిషాల్లో పోతుంది. ట్యూబ్‌లెస్ అయి లోపల సీలెంట్, అంటే చిల్లుల్ని మూసే జిగురు ద్రవం, ఉంటే ముల్లు పీకి, ఆ రంధ్రం కిందికి వచ్చేలా చక్రం తిప్పి పట్టుకోండి, అదే మూసుకుంటుంది. గాలి విషయానికొస్తే నా బరువు 68 కిలోలు, ట్యూబ్‌తో 30 పీఎస్ఐ పెడతాను. ఇంకా తగ్గిస్తే రాతి అంచు తగిలినప్పుడు ట్యూబ్ రిమ్‌కూ రాయికీ మధ్య నలిగి పక్కపక్కనే రెండు చిల్లులు పడతాయి.

ఇక రేగడి. కొండ దిగగానే మొదలవుతుంది, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు వైపు పొలాలన్నీ నల్లరేగడే. ఎండలో గట్టిగా, నున్నగా, ఎంత దూరమైనా తొక్కచ్చు అనిపిస్తుంది. వాన పడితే అదే నేల జిగురు.

ఒక నవంబరులో, రాత్రి వాన పడి తెల్లారేసరికి ఎండ కాసింది కదా అని బండ్ల బాటలో దిగాను. గొర్రెలు తోలుకుంటూ ఒక పెద్దాయన ఎదురొచ్చాడు.

"యాడికి పోతాండావు నాయనా?"

"మైలవరం డ్యామ్ పక్కకు, పెద్దాయనా."

"ఈ పక్క పోవాకు. రెండు దినాలు ఆగల్ల. ఆ గుట్ట మీంద పో, ఆడ మొరుసు."

విన్నాను, కానీ చుట్టు తిరగాలని విసుగుపుట్టి ముందుకే పోయాను. రెండు వందల గజాలు పోయేసరికి మట్టి, గడ్డి, చిన్న రాళ్లు కలిసి టైరు చుట్టూ ముద్ద కట్టాయి, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ దగ్గర ఇరుక్కుని ముందు చక్రం తిరగడం మానేసింది. అక్కడ దిగి పుల్లతో గీక్కోవాల్సింది. బలంగా తొక్కాను. వెనక గేర్లు మార్చే డిరైలర్‌ను ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్ విరిగి చైను చువ్వల్లోకి పోయింది. ఆరు కిలోమీటర్లు సైకిల్ భుజాన వేసుకుని నడిచాను. అప్పటి నుంచి రెండు పనులు చేస్తున్నాను: వాన పడితే రేగడిలోకి రెండు రోజులు పోను, గొర్రెల కాపరి కనిపిస్తే ఆగి అడుగుతాను. మొరుసు అంటే గులకరాళ్లు కలిసిన నేల, నీళ్లు నిలవవు, వాన పడిన మర్నాడు కూడా తొక్కచ్చు. ఆ ఒక్క మాట పట్టుకునుంటే నా హ్యాంగర్ మిగిలేది.

[తెర మీద: నీళ్లలోకి దిగిపోతున్న పాత రోడ్డు]

ఫోన్‌లో మ్యాప్ చూసి దారి గీసుకునేవాళ్లకు ఇంకో మాట. కొండాపురం వైపు కొన్ని పాత రోడ్లు నేరుగా నీళ్లలోకి పోతాయి. గండికోట రిజర్వాయర్ సామర్థ్యం 26.85 టీఎంసీలు, ఆ నీళ్ల కోసం తాళ్లప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ చేయాల్సి వచ్చింది, అది 2020 నాటి మాట. రోడ్డు ఆగిపోయిన చోట నిలబడితే మాట రాదు నాకు, అవతల జనం బతికిన ఊరు ఉండేది. అక్కడ నీటి అంచున బురద పైకి గట్టిగా కనిపిస్తుంది, లోపల మెత్తన. సైకిల్ దింపొద్దు.

ఇసుక గురించి పెద్దగా చెప్పేదేం లేదు. పుష్పగిరి దగ్గర పెన్న ఎండినప్పుడు తడి ఆరని గట్టి అంచు మీద కాసేపు తొక్కచ్చు, పొడి ఇసుకలో దిగి నెట్టుకోవడమే మేలు. వాన రోజుల్లో, పైన గేట్లు ఎత్తారని తెలిసినప్పుడు మాత్రం ఏట్లోకి వద్దు. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు ఏం జరిగిందో మన జిల్లాలో ఎవరూ మర్చిపోలేదు. ఎండిన ఏరు కదా అని అనుకోకండి.

నవంబరు చివర నుంచి ఫిబ్రవరి దాకా తొక్కండి. మార్చి వచ్చిందంటే తొమ్మిదికల్లా నీడలో ఉండాలి, మనిషికి మూడు లీటర్ల నీళ్లు తక్కువే. తిరిగి జమ్మలమడుగు చేరాక ఉగ్గాని, బజ్జీ తినండి, తొక్కిన కడుపుకు అంత బాగా పట్టేది ఇంకోటి లేదు.

[తెర మీద: సిద్ధవటం దాటాక రోడ్డు, పక్కన లంకమల అడవి]

చివరగా లంకమల. సిద్ధవటం కోట, పక్కన పెన్న, అవతల అడవి చూస్తే దిగాలనిపిస్తుంది. అక్కడక్కడా పొదలు, మధ్యలో శుభ్రంగా ఖాళీ నేల, సైకిల్‌కు అచ్చంగా సరిపోయే చోటు. కలివికోడి కోరుకునేది కూడా సరిగ్గా అలాంటి చోటే. 1900 తర్వాత ఎవరికీ కనిపించక ఇక లేదనుకున్న పిట్ట, 1986లో ఈ చుట్టుపక్కలే మళ్లీ దొరికింది. రాత్రిపూట నేల మీద తిరిగే పిట్ట, పరిగెత్తడానికి దానికి ఆ ఖాళీ నేలే కావాలి. పైగా అభయారణ్యంలోకి అనుమతి లేకుండా పోకూడదు, ఎర్రచందనం దొంగల కోసం కాపలా కూడా గట్టిగానే ఉంటుంది. బద్వేలు పోయే తారు రోడ్డు మీద ఎంత దూరమైనా తొక్కండి, రెండు పక్కలా అడవి కనిపిస్తూనే ఉంటుంది. ఆ కాలిబాటల్లోకి మాత్రం నేను చక్రం దింపను, మీరూ దింపకండి.