రెండో సంతకం దాకా

అందరికీ నమస్కారం. ఇంటి పనులు, పొలం పనులు పక్కన పెట్టి ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. నేను ఇరవై ఏళ్లకు పైగా ఫ్యామిలీ కోర్టులో వకీలుగా పని చేస్తున్నాను. ఇవాళ విడాకుల గురించి మాట్లాడదాం. ముందు ఒక కాగితం సంగతి చెబుతాను.

కొన్నేళ్ల కిందట ఒకావిడ నా ఆఫీసుకు వచ్చింది. ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతలు పెట్టిన వంద రూపాయల స్టాంపు పేపరు తీసింది. "ఇక మీదట మాకు ఒకరితో ఒకరికి ఏ సంబంధమూ లేదు" అని రాసుంది. భార్యాభర్తల సంతకాలు, కింద అయిదుగురు పెద్దమనుషుల సంతకాలు, నోటరీ ముద్ర. అది ఆమె భర్తకూ అతని మొదటి భార్యకూ మధ్య రాసుకున్న కాగితం. దాన్ని చూపించే ఈమెను పెళ్లి చేసుకున్నాడు. పద్నాలుగేళ్ల కాపురం, ఇద్దరు పిల్లలు. ఉద్యోగంలో ఉండగానే పోయాడు. పెన్షన్ కోసం వెళితే, "కోర్టు డిక్రీ ఏదమ్మా?" అన్నారు, అంటే మొదటి పెళ్లి రద్దయిందని కోర్టు ఇచ్చే ఉత్తర్వు. "ఇన్ని సంతకాలున్నాయి కదా మేడమ్, చెల్లదా?" అని ఆమె నన్ను అడిగింది. చెల్లదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. చెల్లని పెళ్లిలో పుట్టినా పిల్లలు సక్రమ సంతానమేననే హిందూ వివాహ చట్టం 16వ సెక్షన్ ఉంది కాబట్టి తండ్రి ఆస్తిలో పిల్లల హక్కు నిలిచింది. ఆమెకు మాత్రం చట్టం కళ్లలో భార్య హోదా రాలేదు.

ఆ మొదటి భార్య మాత్రం ఏం సుఖపడింది? విడిపోయాననుకుని ఇన్నేళ్లూ ఒక్క రూపాయి మనోవర్తి అడగలేదు. ఇద్దరు ఆడవాళ్లనూ ముంచింది ఆ ఒక్క కాగితమే.

కొన్ని కులాల్లో ఆచారం ప్రకారం జరిగే విడాకులను అదే చట్టంలోని 29వ సెక్షన్ గుర్తిస్తుంది, నిజమే. కానీ ఆ ఆచారం తరతరాలుగా ఉందని కోర్టులో సాక్ష్యాలతో రుజువు చేయాలి. అయిదుగురు సంతకం పెడితే ఆచారం అయిపోదు. డిక్రీ లేకుండా ఇంకో పెళ్లి చేసుకుంటే ఏడేళ్ల దాకా జైలు పడే నేరం. పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) అది 494వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 82.

ఇంకో రకం వాళ్లున్నారు. వీళ్లు కోర్టుకే వెళ్లి, 10వ సెక్షన్ కింద జ్యుడిషియల్ సెపరేషన్ తెచ్చుకుంటారు. ఆ డిక్రీ చేతికి రాగానే అంతా అయిపోయిందనుకుంటారు. కలిసి ఉండాల్సిన బాధ్యత తప్పిందంతే, పెళ్లి ఇంకా అలాగే ఉంది. ఇద్దరిలో ఒకరు వీలునామా రాయకుండా పోతే రెండోవారు వారసులే. ఆ డిక్రీ వచ్చాక ఏడాది పాటు మళ్లీ కాపురం చేయకపోతే, 13వ సెక్షన్‌లోని 1ఏ కింద ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. అడగాలి కూడా. పదేళ్లయినా దానంతటది విడాకులుగా మారదు.

ఇద్దరికీ ఇష్టమైతే దగ్గరి దారి 13బి, పరస్పర అంగీకార విడాకులు. 1976 సవరణతో వచ్చింది. ఏడాదిగా విడిగా ఉండాలి, కలిసి ఉండలేకపోవాలి, విడిపోవాలని ఇద్దరూ ఒప్పుకోవాలి. విడిగా అంటే వేరే ఊళ్లోనే ఉండక్కర్లేదు. ఒకే కప్పు కింద ఉన్నా భార్యాభర్తల్లా బతకకపోతే అదీ విడిగా ఉన్నట్టేనని 1991లో సుప్రీంకోర్టు చెప్పింది. అద్దెలు కట్టలేక ఒకే ఇంట్లో రెండు గదుల్లో బతుకుతున్న వాళ్లను ఎంతోమందిని చూశాను. వాళ్ల కోసం ఈ మాట గట్టిగా చెబుతున్నాను.

ఇద్దరూ కలిసి పిటిషన్ వేస్తే అది మొదటి మోషన్. ఆరు నెలలు గడిచాక, పద్దెనిమిది నెలలు దాటకముందే, మళ్లీ ఇద్దరూ వచ్చి రెండో మోషన్ వేయాలి. ఎవరైనా బలవంతం చేశారా, ఇప్పటికీ ఇదే మాట మీద ఉన్నారా అని జడ్జిగారు విడివిడిగా అడుగుతారు. డిక్రీ ఇచ్చేదాకా ఎవరైనా మాట వెనక్కి తీసుకోవచ్చు. మొదటి సంతకం పెట్టి, ఇక కోర్టు చూసుకుంటుందిలే అని వదిలేసినవాళ్ల పెళ్లి రద్దు కాలేదు. ఆ ఆరు నెలలు తప్పనిసరి కాదని 2017లో సుప్రీంకోర్టు తేల్చింది. అప్పటికే ఏడాదిన్నరగా విడిగా ఉండి, రాజీ ప్రయత్నాలు విఫలమై, భరణం, పిల్లల సంగతి తేలిపోయి ఉంటే, ఆ గడువు మాఫీ చేయమని అర్జీ పెట్టుకోవచ్చు.

తేలిపోవడం అన్నానే, అసలు టెన్షన్ అంతా అక్కడే. "ఎలాగోలా బయటపడితే చాలు" అని ఏం రాసినా సంతకం పెట్టే అమ్మాయిలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. అమ్మా, ఆ ఒప్పంద పత్రంలో బంగారం ఎన్ని తులాలో రాయించండి, సామాన్లు రాయించండి. డబ్బు ఎప్పుడు ఎంతిస్తారో తేదీలతో రాయించండి. ఆఖరి వాయిదా డీడీ రెండో మోషన్ రోజున కోర్టు హాల్లోనే చేతికి వచ్చేలా పెట్టండి. బిడ్డ ఎవరి దగ్గర ఉంటుంది, పండగలకు, వేసవి సెలవులకు ఎవరి దగ్గరికి వెళుతుంది, ఫీజు ఎవరు కడతారు, అన్నీ ఉండాలి. తల్లి తన భరణం వదులుకున్నా బిడ్డ హక్కు పోదు. భర్త, అత్తింటివాళ్లు వేధించారని పెట్టిన 498ఏ కేసు (కొత్త సంహితలో 85వ సెక్షన్) నడుస్తుంటే విడాకులతో పాటు అది మాసిపోదు. దాన్ని ఎప్పుడు, ఎలా ముగిస్తారో కూడా రాసుకోవాలి.

అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు ఇక్కడ కొందరున్నారు. తిరుపతిలో పెళ్లయిన ఒక జంట కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త మిస్సోరీ రాష్ట్రంలో విడాకులు తెచ్చుకుని ఇంకో పెళ్లి చేసుకున్నాడు. ఆ డిక్రీ ఇక్కడ చెల్లదని 1991లో తీర్పు వచ్చింది. భార్య అక్కడి కోర్టుకు లోబడలేదు, అక్కడ చెప్పిన కారణం మన చట్టంలో లేదు. ఆమె ఇష్టంతో ఒప్పుకుని ఉంటే సంగతి వేరు. అక్కడి నుంచి కాగితం వస్తే భయపడి ఊరుకోకండి, వెంటనే వకీలుకు చూపించండి.

ఇప్పటిదాకా చెప్పినది హిందూ వివాహ చట్టం మాట. క్రైస్తవులకు, ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకున్నవాళ్లకు కూడా పరస్పర అంగీకార దారి ఉంది, గడువుల్లో తేడాలుండవచ్చు. ఆ వివరాలు విడిగా అడగండి.

ఫీజు ఎక్కడి నుంచి తేవాలని కదా మీ భయం? 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా జిల్లా కోర్టులో ఉన్న న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి.

డిక్రీ వచ్చాక సర్టిఫైడ్ కాపీలు రెండు మూడు తీసుకోండి. బ్యాంకు, పీఎఫ్, ఎల్ఐసీ నామినీ పేర్లు ఆ వారంలోనే మార్చుకోండి.

మీలో ఎవరింట్లోనైనా బీరువాలో అలాంటి స్టాంపు పేపరు ఉంటే సిగ్గుపడకుండా పట్టుకురండి. సాయంత్రం దాకా ఆ వేపచెట్టు కింద బల్ల దగ్గరే కూర్చుంటాను.